బాపట్ల పిన్ని చేతి అన్నం

మొన్న పిట్టలవానిపాలెం నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా వ్యాసాలు చదివే మనిషి. పిల్ల మణికట్టు ఎముకలు చర్మాన్ని పొడుచుకొచ్చేలా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంది. స్కానింగు కాగితాలు సంచీనిండా తెచ్చాడు. అవన్నీ చూపించాక, పిల్లని వరండాలోకి పంపి, గొంతు తగ్గించి, "ఎవరో మందు పెట్టారంటున్నారండి మావాళ్లు. నాకు నమ్మకం లేదనుకోండి. అయినా రేపల్లె అవతల కక్కించే ఆయన ఉన్నాడంట కదా, ఒక్కసారి చూపిస్తే తప్పేంటండి?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పేంటో చెప్తాను కూర్చోమన్నాను. చాలాసేపు చెప్పాను. ఆయన విని, దణ్ణం పెట్టి వెళ్లాడు. ఇక్కణ్ణుంచి ఏ బస్సు ఎక్కాడో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఆయనతో చెప్పిందీ, చెప్పలేక మింగేసిందీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

మా వైపు మందు పెట్టడమంటే ఏంటో తెలియనివాళ్లుంటే వాళ్లు అదృష్టవంతులు. తిన్నది ఒంటబట్టక, కడుపునొప్పితో మనిషి చిక్కిపోతూ ఉంటే, ఎవరో అన్నంలో ఏదో కలిపి పెట్టారని అంటారు. అది పేగుకి అంటుకుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. పసరు పోసి కక్కిస్తే ముద్దగా బయట పడుతుందట. పెట్టింది ఎప్పుడూ ఆడమనిషే. అందులోనూ బయటి నుంచి ఆ ఇంటికి వచ్చిన ఆడమనిషి. రోగికి పరీక్ష అక్కర్లేదు, నేరం మోపినదాన్ని ఒక్క మాట అడగనక్కర్లేదు. ఒకే ముద్దతో రోగమూ తేలిపోతుంది, దొంగా దొరికిపోతుంది. ఇంత చవకైన న్యాయస్థానం ఇంకెక్కడా లేదు.

మా నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారు. హేతువాది. ఆదివారం సాయంత్రాలు ఊళ్లో చర్చలు జరిగేవి. దేవుడు, పునర్జన్మ, జాతకాలు, కులం ఏ విషయం పెట్టినా ఆయన ఉండాల్సిందే. గాల్లోంచి విభూది తీసే బాబాల గుట్టు స్టేజి మీద విప్పేవాడు. బూడిదని గంజితో కలిపి బిళ్లలా ఎండబెట్టి, బొటనవేలి సందున దాచి, చెయ్యి గాల్లో తిప్పి నలిపితే విభూది రాలేది. "మొహం చూడొద్దు, వేళ్ల సందు చూడండి" అనేవాడు. ఆ బిళ్లలు తయారుచేసింది అమ్మా నేనూ. మా బాబాయి పెళ్లి కూడా నాన్నే చేయించాడు. బాబాయిది పొన్నూరులో బ్యాంకు ఉద్యోగం. పెళ్లికూతురు సుగుణ బాపట్లలో ఎలిమెంటరీ స్కూలు టీచరు, లూథరన్ చర్చి వెనక పేట పిల్ల. మా నాయనమ్మ గది తలుపేసుకుని పడుకుంది. నాన్న ఇద్దరి చేతా దండలు మార్పించి, ఈ దేశంలో కులం చచ్చే మార్గం ఇదొక్కటేనని ఉపన్యాసం ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. పిన్ని తలవంచుకుని కూర్చుని, మధ్యమధ్యలో నా వైపు చూసి నవ్వింది.

నాన్న సంస్కరణల్లో గోధుమ ఒకటి. మూడు పూటలా అన్నం తినే జాతికి మధ్యాహ్నం నిద్ర వస్తుందని, నిద్రపోయే జాతి ప్రశ్నలు వెయ్యదని ఆయన సిద్ధాంతం. అన్నం ఆచారం, గోధుమ సైన్సు. చుట్టూ కనుచూపు మేర వరి పండే ఊళ్లో, మా ఇంట్లో పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి పుల్కాలు. అమ్మ కిరసనాయిలు స్టవ్వు ముందు పీట వేసుకుని ఒక్కో పుల్కా కాలుస్తుంటే మాడిన పిండి వాసన, కిరసనాయిలు వాసన కలిసి వంటింటి గోడలకి పట్టేసి ఉండేవి. ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆ చోటు వదిలి వెళ్లిపోతాను. నాయనమ్మ వాటిని ముట్టేది కాదు. "రొట్టెలు తినడానికి మనమేమన్నా లారీ డ్రైవర్లమా?" అని గొణుక్కుంటూ, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకునేది.

నా రోగం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పెద్ద పిల్లనయ్యేసరికి ఉంది. అన్నం తిన్న కాసేపటికి కాదు, ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరో లోపల చెయ్యి పెట్టి పేగుని గుడ్డలా పిండుతున్నట్టు ఉండేది. క్లాసులో బెంచీ అంచుని పళ్లతో కొరికేదాన్ని. విరేచనాలతో కాళ్లలో సత్తువ పోయేది, జుట్టు దువ్వెనకి గుత్తులుగా వచ్చేది. తెనాలిలో డాక్టర్లకి కొదవ లేదు. ఒకాయన అమీబియాసిస్ అన్నాడు, ఒకాయన నులిపురుగులన్నాడు. ఒకాయన మూత్రం ఎర్రగా వచ్చే టీబీ మాత్రలు నెలల తరబడి మింగించాడు. గుంటూరు తీసుకెళ్లి సున్నం నీళ్లలాంటిది తాగించి ఎక్స్‌రేలు తీశారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోని ఆ డాక్టర్లందరూ ఏకగ్రీవంగా చెప్పింది ఒకటుంది: అన్నం తగ్గించండి, బ్రెడ్డు పెట్టండి, గోధుమ జావ పట్టండి. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక బ్రెడ్డు పట్టుకొచ్చేవాడు. మా బల్ల మీద బ్రెడ్డు లేని రోజు లేదు. తింటున్నకొద్దీ నేను కరిగిపోయాను. నాన్న స్కూల్లో ఉన్న ఒక పూట నాయనమ్మ నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కింటావిడ చేత కాళ్లు పట్టించి, పసుపుకొమ్ము నిప్పులో ఎర్రగా కాల్చి బొడ్డు చుట్టూ వాతలు పెట్టింది. కాలిన నా చర్మం వాసన నాకే తెలిసింది. నాన్న వచ్చి చూసి ఆ కుంపటిని కాలితో తన్నాడు, నిప్పులు గదంతా చెదిరాయి. తల్లిని మూర్ఖురాలని అరిచాడు. తర్వాత నాకు తన చేత్తో గోధుమ జావ తాగించాడు.

ఇంటర్మీడియట్‌కి నన్ను బాపట్ల పంపారు. పిన్ని ఇంట్లో ఉండి చదువుకోవాలి. డాక్టరు చెప్పిన పథ్యమంతా అమ్మ చెప్పి పంపింది. పిన్నికి గోధుమపిండితో పని తెలియదు. మొదటి వారం రెండు పుల్కాలు చేసి, అవి చూసి తనే నవ్వి, చెప్పుల షాపుకి పంపుదామా అంది. బ్రెడ్డు తెచ్చింది. నేను దాన్ని చూసి మొహం తిప్పుకుంటే నా పక్కన కూలబడి, "ఇది తింటే బతుకుతావో లేదో గానీ, నీ మొహం చూస్తే నాకే చచ్చిపోవాలనిపిస్తందమ్మాయ్. రెండు ముద్దలన్నం తిను. నొప్పొస్తే ఇద్దరం కలిసి ఏడుద్దాం" అంది. ఆ ఇంట్లో అన్నం, నిజాంపట్నం నుంచి వచ్చే చేపల పులుసు, గోంగూర, పెరుగు. డాక్టర్లు వద్దన్నవన్నీ తిన్నాను. నొప్పి కోసం ఎదురుచూస్తూ తిన్నాను. రోజులు గడిచే కొద్దీ అది రావడం తగ్గింది. నా బుగ్గలు నిండాయి. సైకిలు తొక్కాను. సెలవులకి తెనాలి వెళ్తే మళ్లీ మంచం పట్టేదాన్ని, తిరిగి బాపట్ల చేరితే లేచేదాన్ని. ఎందుకో పిన్నికి తెలియదు, నాకూ తెలియదు. పిన్నికి తెలుసుకోవాలన్న పట్టింపు కూడా లేదు. పిల్ల తింటంది, అంతే.

అయితే ఈ రాకపోకలని జాగ్రత్తగా గమనించిన మనిషి ఒకరున్నారు. మా నాయనమ్మ. ఏ డాక్టరూ పట్టించుకోని దాన్ని ఆమె పట్టుకుంది. పరీక్షలయ్యి నేను ఇంటికొచ్చి, ఆ వేసవిలో మళ్లీ మంచానికి అంటుకుపోయినప్పుడు, నాన్నతో అంది: "ఒరే, నీకు నిదర్శనం కావాలంటావుగా. చూడు. దాని చేతి కూడు తింటే ఒళ్లు చేస్తంది. మన కూడు తింటే ఇమడట్లా. పెట్టిన చెయ్యే మళ్లీ పెడితే గానీ మనిషి నిలవకుండా కట్టేసింది. ఇంతకంటే ఏంటిరా నీ సైన్సు?" నేను మంచం మీంచి విన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ మాటలు రాస్తుంటే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆమె చూసినదంతా నిజం. తారీఖులతో సహా నిజం. చూసినదాని నుంచి ఎక్కడికి వెళ్లాలో ఆ దారిని మాత్రం కులం ముందే వేసి పెట్టింది. అమ్మ కాల్చే పుల్కాని అనుమానించాలని ఆమెకి తోచలేదు, పేట నుంచి వచ్చిన కోడల్ని అనుమానించాలని తోచింది.

నాన్న మొదట అరిచాడు, తర్వాత ఊరుకున్నాడు. ఆ వేసవిలో నేను బాత్రూములో పడిపోయాను. ఎత్తుకుని మంచం మీద వేసినప్పుడు నా బరువు ఆయన చేతులకి తెలిసినట్టుంది. మర్నాడు పొద్దున్నే నాన్న, నాయనమ్మ నన్ను రేపల్లె బస్సెక్కించారు. అమ్మ గుమ్మంలో నిలబడి వద్దంది. ఆమె మాట ఎవరూ వినలేదు.

రేపల్లె దాటి కాలవ వెంట కొంత దూరం రిక్షాలో వెళ్తే ఆ ఇల్లు. పందిరి కింద జనం. వాంతి వాసన దూరం నుంచే కొట్టింది. మా వంతు వచ్చేదాకా ఆ ఇంటి ఆడమనిషొకావిడ నాయనమ్మ పక్కన చేరి, ఊరేంటి, కోడళ్లెంతమంది, వాళ్లెక్కడివాళ్లు, అమ్మాయి ఎక్కడ చదివింది అని తీరిగ్గా కబుర్లాడింది. తర్వాత మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. ఆ కబుర్లే కాసేపటికి ఆ మందుల మనిషి నోట్లో దివ్యదృష్టి అయ్యాయి. నన్ను కుండ ముందు గొంతుక్కూచోబెట్టారు. ఇద్దరు మగాళ్లు చెరో జబ్బా పట్టుకున్నారు. ఒకడు నా జుట్టు వెనక్కి లాగి, ముక్కు మూశాడు. ఊపిరి కోసం నోరు తెరిచేసరికి పచ్చటి పసరు గొంతులో పడింది. గొంతు కాలింది. వీపు మీద మోకాలు ఆనించి పొట్ట నొక్కారు. పసరు, పైత్యం, ఆఖరికి నెత్తురు చారలు. ఆపమని చేతులు కొట్టుకుంటే ఇంకో గరిటె పోశారు. నా కళ్లముందు నల్లబడింది. అప్పుడు ఆ మనిషి కుండలో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి పైకి తీశాడు. పాత మందట. పేగులోకి వేళ్లు దిగిందట. దక్షిణపు దిక్కు చెయ్యి, కోడలి వరస అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. విభూది బిళ్లని వేళ్ల సందున దాచడం ఊరందరికీ నేర్పిన మనిషి. ఒక్కసారి ఆ చేతి వంక చూస్తే చాలు. ఆయన చూడలేదు. ముద్దని చూశాడు. జేబురుమాలు విప్పి పట్టాడు.

అక్కణ్ణుంచి తిన్నగా బాపట్ల. చెరుకుపల్లి మీదుగా ఆ బస్సులో నేను కిటికీకి తల ఆనించి నెత్తురు ఉమ్ముతూ కూర్చున్నాను. ఆ ముద్ద నేను కక్కింది కాదని, ఆ మందుల మనిషి చేతిలోంచి వచ్చిందని చెప్పబోయాను. గొంతు కాలిపోయి మాట రాలేదు, గాలే వచ్చింది. మేం చేరేసరికి ఎండ మండుతోంది. బాబాయి పొన్నూరులో ఉన్నాడు. పిన్ని పెరట్లో చేపలు తోముతోంది. బూడిద చేతులతోనే లేచి, నన్ను చూసి, "అయ్యో, ఏంటిది బావగారూ, పిల్లకేమైంది?" అంటూ ఎదురొచ్చింది. నాన్న ఆమె మొహం మీద కొట్టాడు. పడబోతే జుట్టు పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. పెదవి చిట్లింది. చేపల గిన్నె బోర్లాపడింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని వేలాడాను. విదిలిస్తే గోడకి తగిలి పడ్డాను. నాయనమ్మ శాపాలు పెడుతోంది. పేటలోంచి జనం వచ్చి దడి దగ్గర నిలబడ్డారు. మగాళ్లు కొందరు ముందుకి రాబోయారు. పిన్నే చెయ్యెత్తి వద్దంది, మాస్టారు కదా అని.

నాన్న రుమాలు విప్పి ముద్ద ఆమె మొహం ముందు పెట్టాడు. ఆయన గొంతు ఆదివారం చర్చల్లో ఉండేట్టే ఉంది, అదే నాకు అన్నిటికంటే భయం వేసింది. "నువ్వు పెట్టింది కాకపోతే తిను. ఏం కాకపోతే నమ్ముతా."

పిన్ని ఆ ముద్దని చూసింది. తర్వాత నన్ను చూసింది. బూడిద చేత్తో అది తీసుకుని, వెంట్రుకలతో సహా నోట్లో పెట్టుకుని నమిలింది. ఆమె గొంతు మింగలేక ఎగసిపడటం కనిపించింది. మింగింది. నోరు తెరిచి చూపించింది. నాలుక మీద నెత్తురుంది, ఇంకేం లేదు. అప్పుడు నాయనమ్మ అంది: "పెట్టినదానికి విరుగుడు తెలీదా? దానికేమవుద్ది."

ఆ తర్వాత నేను ఎన్నో సభల్లో వాదించాను. మతాచార్యులతో, జ్యోతిష్కులతో, మంత్రుల ముందు కూడా. ఆ ఒక్క వాక్యాన్నే రకరకాల నోళ్లలో విన్నాను. తినకపోతే నేరం, తింటే అంతకంటే నేరం. ఏం జరిగినా తనే గెలిచే మాట అది. అటువంటి మాట ఎక్కడ వినిపించినా నాకు పెరట్లో ఎండ, బూడిద, చేపపొలుసు గుర్తొస్తాయి. నేను వాదించను, విరుచుకుపడతాను. నా రాతల్లో మర్యాద తక్కువని విమర్శించేవాళ్లకి ఇదే నా జవాబు.

బాబాయి మాతో మాటలు మానేశాడు. బాపట్ల తలుపు మూసుకుపోయింది, దాంతో నాకు అన్నమూ మూసుకుపోయింది. డిగ్రీ మంచం మీంచే చదివాను. నాన్న సభలకి వెళ్లడం తగ్గించాడు. పుల్కాలు మాత్రం ఆగలేదు. చివరికి మా అమ్మ, ఆ ఇంట్లో ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వని మనిషి, ఒకరోజు పెట్టె సర్దింది. మద్రాసులో మా మావయ్య ఉన్నాడు. నాన్న ఏదో అనబోతే, "మీరు చెప్పినవన్నీ విన్నానండి. మీ అమ్మగారు చెప్పినవీ విన్నాను. ఇంక దాన్ని నాకొదిలెయ్యండి" అంది.

మద్రాసులో ఆ డాక్టరు నా పొట్ట నొక్కేముందు వాతల మచ్చల మీద వేలు పెట్టి ఇవేంటని అడిగాడు. ఆయన తెలుగువాడే. అమ్మ చెప్పింది. తర్వాత ఆయన నేను ఎప్పుడన్నా బాగున్నానా అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు. బాపట్లలో బాగుందని అమ్మ చెప్పింది. అక్కడ ఏం తినేదని అడిగితే అన్నమంది. ఇంట్లో ఏం తింటుందని అడిగితే, పథ్యం తప్పకుండా చేస్తున్నానని గర్వంగా వరసపెట్టి చెప్పింది: ఉప్మా, బ్రెడ్డు, జావ, పుల్కా. ఆయన కలం కింద పెట్టాడు. మర్నాడు గొంతులోంచి గొట్టం దించి పేగు ముక్క తీశారు. నన్ను పట్టుకోవడానికి ఇద్దరొచ్చారు. రేపల్లె గుర్తొచ్చి నేను కొట్టుకున్నాను, ఒక నర్సు చెంప మీద నా గోళ్లు దిగాయి. ఆ ముక్క చెప్పింది. సీలియాక్ అనే జబ్బు. గోధుమ తగిలితే నా ఒళ్లు నా పేగుల మీదే పడి కొరుకుతుంది. మన వైపు అరుదు, అన్నం తినేవాళ్లలో ఎవరు వెతుకుతారన్నాడు. అమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, తన రెండు చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నా అన్నంలో మందు పెట్టినవాళ్లు దొరికారు. ఒకరు సైన్సు పేరు మీద పెట్టించారు, ఒకరు ప్రేమగా కాల్చి పెట్టారు.

నాన్న ఆ కాగితం చదివి, ఆ వారమే బాపట్ల బయల్దేరాడు. అమ్మా నేనూ వెంట వెళ్లాం. బాబాయి మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయాడు. పిన్ని కుర్చీ వేసింది. నాన్న కూర్చోలేదు. పేగు గోడ గురించి, గోధుమలో ఉండే పదార్థం గురించి, అది ఎందుకు బయటపడలేదన్న దాని గురించి చాలాసేపు చెప్పాడు. క్షమించమన్న మాట తప్ప అన్నీ వచ్చాయి. ఆ మాట ఆయన ఉపన్యాసాల్లో ఎప్పుడూ లేదు. పిన్ని గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విని, నెమ్మదిగా అడిగింది:

"మరి ఆ రోజు నేను తిన్నదేంటండి, బావగారూ?"

పిన్ని జవాబు కోసం ఎదురుచూడలేదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి ఆకు వేసింది. నాన్నకీ వేసింది. అన్నం, చేపల పులుసు వడ్డించి, మేం చెయ్యి పెట్టబోతే ఆగమంది. నా ఆకులోంచి ఒక ముద్ద, నాన్న ఆకులోంచి ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, నోరు తెరిచి చూపించింది. కోపంతో చేసిన పని కాదది. కంచం కడిగినంత మామూలుగా చేసింది. అలా చెయ్యొద్దని అమ్మ ఆమె కాళ్లు పట్టుకోబోయింది. ఆ రోజు నుంచీ ఎవరికి పెట్టినా అంతేనని, ఎంత చెప్పినా మానదని లోపల్నుంచి బాబాయి గొంతు వినిపించింది. నాన్న ఆ అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కళ్లలోంచి నీళ్లు ఆకులో పడుతుంటే అవీ కలుపుకుని తిన్నాడు. బతికినన్నాళ్లు మళ్లీ స్టేజి ఎక్కలేదు.

ఇప్పుడు గుంటూరులోనే నెత్తురు చుక్కతో ఆ పరీక్ష చేస్తారు. తెనాలి షాపుల్లో గోధుమ లేని బిస్కెట్లు అమ్ముతారు. పేగు లోపల రంగుల్లో చూపించే యంత్రాలు వచ్చాయి. కాలవ వెంట ఆ ఇల్లు మాత్రం మేడైంది, బోర్డు పెట్టారు, పందిరి బదులు రేకుల షెడ్డు వేశారు, కార్లు ఆగుతున్నాయి. అప్పుడు తెలియక వెళ్లేవాళ్లం. ఇప్పుడు స్కానింగులన్నీ అయ్యాక వెళ్తున్నారు. ఏది ఎక్కువ చీకటో మీరే చెప్పండి. ఇక గుడ్డిగా కొట్టిన చేతులకి ఏ పరీక్షా లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

పిన్ని పోయే ముందు ఏడాది చూడ్డానికి వెళ్లాను. చూపు తగ్గింది, మంచం మీదే కూర్చుని ఉంది. నేను వచ్చానని తెలిసి మనవరాల్ని పిలిచి, పెద్దమ్మకి ఏమన్నా తెచ్చిపెట్టమంది. బియ్యప్పిండివే తెమ్మని గుర్తుచేసింది. ఆ పిల్ల బడి జడలతోనే వంటింట్లోకి పరిగెత్తి, పళ్లెంలో జంతికలు తెచ్చింది. నా ముందు నిలబడి ఒక ముక్క విరిచి, నోట్లో వేసుకుని, బుద్ధిగా నమిలి మింగింది. నోరు తెరిచి నాకు చూపించింది. తర్వాత రెండు చేతులతో పళ్లెం నా వైపు చాపింది.